ఆయన పక్క తిరిగితే నాకు మెలకువ రాకుండా ఎలా చేశానంటే

మా ఆయన రాత్రి పది సార్లు అటూ ఇటూ దొర్లుతారు, దొర్లిన ప్రతిసారీ నేను పడవలో ఉన్నట్టు ఊగేదాన్ని. తప్పు ఆయనది అనుకుని ఎంత పోట్లాడానో, తీరా చూస్తే తప్పు పరుపుది. మాది పాత టైపు బోనెల్ స్ప్రింగ్, అందులో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి కాబట్టి ఒక మూల నొక్కితే ఇంకో మూల కదులుతుంది. పాకెట్ స్ప్రింగ్‌లో అయితే ఒక్కో స్ప్రింగు దాని గుడ్డ సంచిలో అది విడిగా ఉంటుంది, పక్కదాన్ని లాగదు.

షాపుకి ఇద్దరం వెళ్ళాం, ఒక్కళ్ళే వెళ్తే వేస్ట్. నేను కళ్ళు మూసుకుని పడుకున్నా, ఆయన్ని లేచి కూర్చోమన్నా, దొర్లమన్నా, సేల్స్ అబ్బాయి నవ్వుతున్నా పట్టించుకోలేదు. పొట్ట దగ్గర నిండు గ్లాసు నీళ్ళు కూడా పెట్టించా, లేటెక్స్ అంటే రబ్బరు పరుపు, దాని మీద నీళ్ళు తొణికాయి, ఒంటి బరువుకి మెల్లగా కుంగే మెమరీ ఫోమ్ మీద అసలు కదల్లేదు. కానీ పూర్తి మెమరీ ఫోమ్‌లో ఒళ్ళు కూరుకుపోతుంది, వేడి కూడా, నాకు పడలేదు. అందుకే కింద పాకెట్ స్ప్రింగ్, పైన 2 అంగుళాల మెమరీ ఫోమ్ ఉన్నది తీసుకున్నాం.

అయినా మొదటి వారం కిర్రుమని కదిలేది!! చూస్తే మంచం కాలి దగ్గర బోల్టు లూజు, బిగించాక పోయింది. దుప్పట్లు కూడా విడివిడిగా చేసుకున్నాం, లాగుడు గోల లేదు. ఆయన ఇప్పటికీ దొర్లుతారు, నాకు తెలీదంతే.