తిరుగుబాటు సాయుధ దళాల సినిమా వేసి చర్చ నడపడం ఎలా?

తిరుపతిలో ఇలాంటి సినిమా వేస్తే హాల్లో ఎవరికో ఒకరికి అలిపిరి గుర్తుకొస్తుంది. 2003 అక్టోబరు 1న, బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకెళ్తున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద పీపుల్స్‌వార్ క్లేమోర్ మైన్లు పేల్చింది అక్కడే. అందుకే మన ఊరి సంగతితో మొదలుపెట్టకండి. పది నిమిషాల్లో హాలు రెండుగా చీలుతుంది, సినిమా ఎటో పోతుంది. దూరదేశంతో మొదలుపెట్టి, చివర్లో అలిపిరికి రండి.

ఒక పూటకు ఒక్క సినిమానే. మొదటిసారికి, ఫ్రాన్స్ పాలన మీద అల్జీరియా చేసిన పోరాటం చూపే 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' (1966) బాగుంటుంది, రెండు గంటలే. సాయంత్రం మూడింటికి వేస్తే చర్చకు గంటన్నర దక్కుతుంది. మరీ ఆలస్యమైతే చంద్రగిరి, రేణిగుంట నుంచి వచ్చినవాళ్లు బస్సు కోసం మధ్యలోనే లేస్తారు.

అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. కాలేజీ కార్యక్రమంలో భాగంగా అక్కడి విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, ఆ సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్ల వరకే అయితే 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. బయటివాళ్లను పిలిస్తే హక్కుదారుల రాతపూర్వక అనుమతి కావాలి. ఓటీటీ ఖాతా ఇంట్లో చూసుకోవడానికే. ప్రిన్సిపాల్‌కిచ్చే లెటర్‌లో సినిమా పేరు, చర్చాంశం రెండూ రాయండి. ఊరికే 'ఫిల్మ్ షో' అని రాస్తే తర్వాత మాట పడాల్సి వస్తుంది.

లైట్లు ఆర్పకముందే బోర్డు మీద నాలుగు గడులు గీయండి: ఘటన ఎప్పుడు, సినిమా ఎప్పుడు, తీసిందెవరు, తర్వాత ఏం బయటపడింది. మొదటి రెండూ తేలిక: 1956–57, 1966. మూడోదే అసలు గడి. దర్శకుడు ఇటలీవాడు పొంటెకోర్వో. నిర్మాణంలో పాలుపంచుకుని, తన పాత్రలాంటిదే వేసిన సాదీ యాసెఫ్ మాత్రం అల్జీర్స్‌లో, స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఎఫ్‌ఎల్‌ఎన్ సంస్థ దళాన్ని నడిపిన మనిషే. అంటే, గెలిచిన పక్షం చెయ్యి ఇందులో ఉంది. ఎఫ్‌ఎల్‌ఎన్‌కూ దాని పోటీ సంస్థ ఎంఎన్‌ఏకూ మధ్య పారిన నెత్తురు తెరమీద కనిపించకపోవడాన్ని అక్కడి నుంచే చూడాలి. ఇంకో మాట కూడా ముందే చెప్పండి: ఇందులో న్యూస్‌రీల్ ముక్క ఒక్కటీ లేదు. ఆ గరుకు నలుపు తెలుపు చూసి చాలామంది నిజం ఫుటేజీ అనుకుంటారు. అనుకున్నాక ఇక ప్రశ్నలడగరు.

సినిమాను ఒక్కచోటే ఆపండి. బాంబుతో ఒక యువతి కేఫ్‌లో కూర్చుంటుంది. కెమెరా ఒక్కో ముఖం మీదా ఆగుతుంది, ఐస్‌క్రీం నాకుతున్న పసివాడి మీద కూడా. "ఇది తప్పా ఒప్పా?" అని అడిగితే చర్చ అక్కడే చచ్చిపోతుంది. "దీనికి ముందు సినిమా మనకేం చూపించింది?" అని అడగండి. రాత్రిపూట కస్బాలో, అంటే అరబ్బులుండే పాతబస్తీలో, పేలిన బాంబు ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. ఆ వరస ఎందుకు పెట్టారన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు.

నాలుగో గడి విలువ తెలియాలంటే రెండో వారం, పశ్చిమ జర్మనీలోని ఒక వామపక్ష సాయుధ దళం మీద తీసిన 'ది బాడర్ మైన్‌హోఫ్ కాంప్లెక్స్' (2008) వేయండి. 1967 జూన్ 2న పశ్చిమ బెర్లిన్‌లో కుర్రాస్ అనే పోలీసు, బెన్నో ఓనెసోర్గ్ అనే కాలేజీ యువకుణ్ని కాల్చి చంపాడు. కుర్రకారు కోపాన్ని సినిమా అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. ఆ కుర్రాస్ కమ్యూనిస్టు తూర్పు జర్మనీ గూఢచారి అని 2009లో బయటపడింది. సినిమా అప్పటికే థియేటర్లలో ఆడేసింది! రెండున్నర గంటల సినిమా కాబట్టి ఇంటర్వెల్ ఇవ్వండి, టీ చెప్పిపెట్టుకోండి.

మూడో వారం అలిపిరి. సినిమా వద్దు. పాత పేపర్ల కట్టలున్న లైబ్రరీ నుంచి 2003 అక్టోబరు 2 నాటి రెండు వేర్వేరు దినపత్రికల మొదటి పేజీలు జిరాక్స్ తీయించండి. ఇద్దరికో కాపీ చాలు. పేల్చినవాళ్లను ఏ పత్రిక ఏ మాటతో పిలిచిందో పెన్సిల్‌తో గీత గీయమనండి. ఆ మాటలను బోర్డు మీద రాశాకే చర్చ మొదలుపెట్టండి.