సివ్ 6 కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు

సివిలైజేషన్ 6 (ఊళ్లు కట్టుకుంటూ టర్నుల వారీగా ఆడే స్ట్రాటజీ వీడియో గేమ్) ఎవరికైనా నేర్పిస్తుంటే మొదటి రోజే మతం, గవర్నర్లు, టూరిజం అన్నీ చెప్పేయకండి. మా తమ్ముడికి అలాగే గంటసేపు దంచాను, వాడు ముప్పయ్యో టర్నుకే ఆవలించాడు.

ఇప్పుడైతే మొదటి 50 టర్నులూ ఒక్కటే అడుగుతాను: "తర్వాతి ఊరు ఎక్కడ పెడతావు? ఎందుకు?" సెట్లర్‌ని, అంటే కొత్త ఊరు పెట్టే యూనిట్‌ని, ఎంచుకోగానే మ్యాప్ రంగులు మారతాయి కదా, అక్కడ ఆపి చూపించండి. ముదురు ఆకుపచ్చ అంటే మంచినీళ్లున్న చోటు. నది పక్కన పెడితే ఊరికి హౌసింగ్ (ఎంత జనాభాకి చోటుందో చెప్పే అంకె) 5తో మొదలవుతుంది, సముద్రపు ఒడ్డున 3, నీళ్లే లేకపోతే 2. జనాభా ఎందుకు పెరగట్లేదో వాళ్లకే అర్థమవుతుంది. సెట్లర్ తయారైతే ఊళ్లో ఒక జనాభా తగ్గుతుందని కూడా అప్పుడే చెప్పేయండి, లేకపోతే బగ్ అనుకుంటారు.

యుద్ధం గురించి ఒక్క ముక్క చాలు: స్లింగర్‌తో (వడిసెలతో రాళ్లు విసిరే సైనికుడు) బార్బేరియన్‌ని (ఏ దేశానికీ చెందని దాడి మూక) చంపితే ఆర్చరీకి యురేకా, అంటే ఆ టెక్నాలజీ త్వరగా నేర్చుకునే బోనస్, వస్తుంది. అది మోగినప్పుడు వాళ్ల మొహం చూడాలి!

గేమ్ స్పీడ్ మాత్రం "ఆన్‌లైన్" అనే సెట్టింగ్‌లో పెట్టండి, 250 టర్నుల్లో తేలిపోతుంది. మౌస్ మీరు ముట్టుకోవద్దు, తప్పు ఊరు పెడుతున్నా సరే. నాకు అదే కష్టం.