తైచీలో మోకాలు నొప్పి, ఒంటికాలి మీద తూలడం: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేసుకోవాలి

ఫోన్‌లో వీడియో పెట్టుకుని 24 భంగిమల తైచీ (నెమ్మదిగా కదుల్తూ చేసే చైనా కసరత్తు) నేర్చుకుంటున్న మా ఇచ్ఛాపురం, బరంపురం వైపు వాళ్ళు ఎక్కువగా చెప్పుకునే బాధలు రెండు, మోకాలు నొప్పి, కాలెత్తితే తూలిపోవడం. 1956లో చైనాలో మామూలు జనం కోసం కుదించిన వరస ఇది, అందుకే తేలిక అనుకుని చేతులు మాత్రం అనుకరించి పాదాల సంగతి వదిలేస్తాం. నొప్పి ఎక్కడొచ్చినా ముందు పాదం చూసుకోండి.

సమస్య: మోకాలు లోపలివైపు నొప్పి

బరువంతా ఒక కాలి మీద ఉండగానే ఒంటిని తిప్పేస్తున్నారు. పాదం నేలకి అతుక్కుని ఉంటుంది, నడుం తిరిగిపోతుంది, మధ్యలో మెలిపడేది మోకాలే. అది మడవడానికే గాని మెలి తిప్పడానికి కాదు. తిరగాల్సింది తుంటి దగ్గర, తొడా పొట్టా కలిసే మడతలో, చైనా గురువులు క్వా అనేది దాన్నే. ఆ మడతలో వేలు పెట్టుకుని ఆ పక్కకే తిరగండి, సరిగ్గా తిరిగితే వేలు నొక్కుకుంటుంది.

ముందు బరువు వెనక కాలికి తెచ్చుకోండి, ముందున్న పాదం తేలికయ్యాక మడమ ఆనించి వేళ్ళు బయటికి తిప్పండి, పాదం పూర్తిగా ఆనాకే బరువు వెయ్యండి. ముందున్న కాలి మోకాలు మడిచి నిలబడ్డప్పుడు పైనుంచి చూస్తే బొటనవేలు కనబడాలి, కనబడకపోతే మోకాలు లోపలికి వాలినట్టో, వేళ్ళు దాటిపోయినట్టో. అప్పటికీ తగ్గకపోతే ఎత్తుగా నిలబడి చెయ్యండి, కిందికి కూర్చుంటేనే తైచీ అన్నది ఒట్టి భ్రమ. వాపొస్తే ఆపేసి డాక్టరు దగ్గరికెళ్ళండి. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు మింగడం మాత్రం వద్దు, అవి కిడ్నీలకి చేటు, మన ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో తెలిసిందే కదా!

సమస్య: అడుగు వేస్తే పక్కకి తూలడం

అరికాళ్ళు తడుపుకుని పొడిగా ఉన్న డాబా మీద నాలుగడుగులు వేసి ముద్రలు చూడండి. రెండు మడమలూ ఒకే గీత మీద పడ్డాయంటే తాడు మీద నడుస్తున్నట్టే లెక్క, తూలక ఏం చేస్తారు? ముందుకి అడుగేసినా మడమల మధ్య పక్కకి జానెడు ఎడం ఉంచండి. వెనక పాదం వేళ్ళు నేరుగా పక్కకి కాకుండా ఏటవాలుగా ముందుకి ఉండాలి.

కాలెత్తేటప్పుడు తూలితే బరువు పూర్తిగా మారకముందే ఎత్తుతున్నారన్నమాట. ఒళ్ళు కదలకుండా ఆ మడమ పైకి లేస్తోందా? లేస్తేనే ఎత్తండి. కళ్ళు నేల మీద కాదు, ఎదురుగా.

సమస్య: భుజాలు, నడుం పట్టెయ్యడం

మోచేతులు పైకి లేస్తే భుజాలు బిగుస్తాయి. మోచేతుల్ని కిందికి వేలాడనివ్వండి, చాలు. నడుం నొప్పి పిర్రలు వెనక్కి తోసి నిలబడటం వల్ల వస్తుంది, తోకెముక కిందికి వేలాడుతున్నట్టు వదిలెయ్యండి, బలవంతంగా లోపలికి లాగితే మళ్ళీ అదో టెన్షన్.

గోపాలపూర్ బీచ్‌లో చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. పొడి ఇసకలో పాదం కూరుకుపోతుంది, తిప్పబోతే మళ్ళీ మోకాలే మెలిపడుతుంది. నీళ్ళు తగిలి గట్టిపడ్డ చోట, అదీ వాలు తక్కువున్న చోటు చూసుకుని చెయ్యండి.