వింటర్లో కరివేపాకు చెట్టు బతకాలంటే గ్రో లైటు ఎలా పెట్టాలి?

సెప్టెంబరు చివరికొచ్చిందంటే షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఒకటే టెన్షన్: కరివేపాకు కుండీ లోపలికి తేవాలా, ఇంకో వారం ఆగాలా? ఆగకండి. రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగకముందే తెచ్చేయండి. డిసెంబరులో ఇక్కడ పగలంటే తొమ్మిది గంటలే, అందులో సగం మబ్బులే. కిటికీ పక్కన పెట్టి ఊరుకుంటే సంక్రాంతికల్లా పుల్లలు మిగులుతాయి. అందుకే ఎండకి బదులుగా మొక్క మీద వెలిగించే గ్రో లైటు కావాలి. పుల్ల మజ్జిగ పోస్తే చాలని మా అత్తగారు ఫోన్లో చెబుతూనే ఉంటారు. ఆవిడ ఉండేది తూర్పుగోదావరిలో, అక్కడ ఎండకేం కరువు?

తెల్ల ఎల్ఈడీ కొనండి, డబ్బా మీద 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) అని ఉన్నది. ఊదారంగు లైటు వద్దే వద్దు. అది పనిచెయ్యదని కాదు, మొక్కలు ఎరుపు, నీలం కాంతిని బాగానే వాడుకుంటాయి. కానీ ఆ వెలుతురులో ఆకు పసుపెక్కిందో, పురుగు పట్టిందో మనకి కనపడదు. నా మొదటి చెట్టుకి ఎర్రనల్లి పట్టిన సంగతి గూళ్ళు అల్లాక గానీ తెలియలేదు. డబ్బా మీద ‘1000 వాట్లకు సమానం’ అని ఉంటే పట్టించుకోకండి. నిజంగా ఎంత కరెంటు తీసుకుంటుందో చూడండి. మూడడుగుల చెట్టుకి 40 వాట్లు చాలు. యూఎల్ గానీ ఈటీఎల్ గానీ (భద్రత పరీక్ష నెగ్గిందని చెప్పే ముద్రలు) గుర్తు లేనిది కొనకండి. ఒక టైమర్ పెట్టి రోజుకి 14 గంటలు వెలిగించండి, నెలకి 17 యూనిట్లు అవుతుంది. రాత్రి చీకటి ఉండాల్సిందే.

ఇక ఎత్తు. అందరూ చెట్టుని పాడుచేసేది ఇక్కడే.

“చెయ్యి పెట్టి చూశాను, వేడి తగల్లేదు, అందుకే దగ్గరగా దించాను” అంటారు. అది పాతకాలం సోడియం దీపాలకి చేసే పరీక్ష. ఎల్ఈడీ కింద చెయ్యి చల్లగానే ఉంటుంది, ఆకు మాత్రం పాలిపోతుంది. ఎండాకాలమంతా లక్ష లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) ఎండలో ఉన్న చెట్టుకి ఈ లైటు ఒక లెక్కా అని వాదించేవాళ్ళూ ఉన్నారు. హాల్లో మూడు వారాలు నీడలో ఉన్న ఆకు నీడకే అలవాటు పడుతుంది, అప్పుడు హఠాత్తుగా వెలుతురు ఎక్కువైతే తట్టుకోలేదు.

కాబట్టి మొదట 24 అంగుళాల ఎత్తున పెట్టండి. కొలవాల్సింది కుండీ నుంచి కాదు, పైనున్న ఆకు నుంచి. వారం తర్వాత 20, మరో వారానికి 16. అక్కడ ఆపండి. ఒకేసారి అడుగు దించకూడదు. చిన్న బల్బయితే దూరం సగానికి తగ్గగానే వెలుతురు దాదాపు నాలుగింతలవుతుంది. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఉంటే పై ఆకు దగ్గర 10 వేల నుంచి 15 వేల మధ్య చూపిస్తే చాలు. ఫోన్ లెక్క కచ్చితం కాదు, అయినా గుడ్డిగా పెట్టేదానికన్నా నయం.

తర్వాత చెట్టే చెబుతుంది. పై ఆకులు పాలిపోయి అంచులు ముడుచుకుంటే నాలుగంగుళాలు పైకెత్తండి. రెమ్మకీ రెమ్మకీ మధ్య కాడ సాగుతుంటే రెండంగుళాలు దించండి. కింది ఆకులు పసుపెక్కి రాలుతుంటే మాత్రం లైటు జోలికి పోకండి. చాలాసార్లు అది మీరు పోసే నీళ్ళ పుణ్యం. మట్టిలో రెండంగుళాల లోతు వేలు పెట్టి, పొడిగా ఉంటేనే పోయండి. కొత్త చిగురొస్తే చెట్టే లైటుకి దగ్గరవుతుంది, అందుకని ప్రతి ఆదివారం టేపు పెట్టి కొలవాలి.

వేలాడదీసే హుక్కు సీలింగ్‌లో చెక్క దూలానికే బిగించండి, ఉత్త డ్రైవాల్ (సీలింగ్‌కి కొట్టే పలచటి జిప్సం రేకు) బరువు ఆపదు. వైరు ఔట్‌లెట్ కన్నా కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్ళాలి. అప్పుడు దాని మీద పడ్డ నీటిచుక్క అడుగునే కారిపోతుంది, ప్లగ్గు దాకా పోదు. వీలుంటే జీఎఫ్‌సీఐ ఔట్‌లెట్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) వాడండి. అదే పవర్ స్ట్రిప్‌కి రూమ్ హీటర్ తగిలించకండి. ఆకుల మీద నీళ్ళు చల్లేముందు ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు.

మే నెలాఖరున బయటపెట్టేటప్పుడు కూడా వారం రోజులు నీడలో ఉంచాకే ఎండలోకి జరపండి.