వైజాగ్‌లో ఫ్రెషర్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారా?

రుషికొండలో 2023లో ఇన్ఫోసిస్ సెంటర్ తెరిచింది, 2025లో టీసీఎస్‌కి 99 పైసల నామమాత్రపు ధరకి 21 ఎకరాలకు పైగా కేటాయించారు. అలాగని రెజ్యూమె పట్టుకుని ఐటీ హిల్స్ ఎక్కితే సెక్యూరిటీ గార్డు గేటు దాటనివ్వడు. అంతా ఆన్‌లైనే. టీసీఎస్ అయితే నెక్స్ట్‌స్టెప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి ఎన్‌క్యూటీ అనే వాళ్ల ఎంపిక పరీక్ష రాయాలి.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. ఇంటర్వ్యూలో ఎక్కువమంది దొరికిపోయేది కాలేజీ ప్రాజెక్టు దగ్గరే. లైబ్రరీ మేనేజ్‌మెంట్ చేశామని రాస్తారు, చివరి కాపీని ఇద్దరు ఒకేసారి బుక్ చేస్తే ఏమవుతుందని అడగ్గానే నోరు పెగలదు. డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టయితే ఇంక చెప్పక్కర్లేదు! మీ చేత్తో రాసిన చిన్న కోడే మేలు.

ఇప్పుడే ఇంకో పని చేయండి: టెన్త్ మెమో, ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి పేరు చూడండి. మన ఇంటిపేర్లతో ఇదో గోల, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, మరోచోట చివర్లో ఉంటుంది, కంపెనీ మీ వివరాలు సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే టెన్షన్ పెడుతుంది. టెన్త్ మెమోలో ఉన్నట్టే మిగతావి మార్పించుకోండి.

బ్యాక్‌డోర్, డిపాజిట్ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసేయండి, అసలు కంపెనీ పైసా అడగదు. ఆఫర్ లెటర్‌లో బాండ్ ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి చదివాకే సంతకం పెట్టండి. జాయినింగ్ నెలల తరబడి ఆలస్యం కావచ్చు, ఈలోగా మిగతా ఇంటర్వ్యూలు మానకండి. పోస్టింగ్ వైజాగ్‌లోనే అని రాసి ఉందో లేదో కూడా చూసుకోండి, చాలా లెటర్లలో ఎక్కడికైనా పంపుతామనే ఉంటుంది.