పవర్ ఎక్కువ కోరే స్పీకర్లకు తక్కువ ధరలో ఆంప్లిఫయర్: కొనేముందు జాగ్రత్తలు

ముందుగా స్పీకర్ వెనుక ముద్రించిన ఓమ్‌ల (విద్యుత్ నిరోధం) విలువను, కరపత్రంలోని సెన్సిటివిటీని (ఇంత పవర్‌కు ఎంత శబ్దం ఇస్తుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకెను) రాసుకోండి. 90 డెసిబెల్స్ స్పీకర్ ఇచ్చేంత శబ్దాన్నే 84 డెసిబెల్స్ స్పీకర్ నుంచి రాబట్టాలంటే నాలుగింతల పవర్ కావాలి.

పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ అని ప్రకటనల్లో చూపే) అంకెలను పూర్తిగా పక్కనపెట్టి, రెండు చానళ్లూ ఒకేసారి పనిచేసేటప్పుడు వచ్చే ఆర్‌ఎంఎస్ (నిరంతరంగా ఇవ్వగల) వాట్లనే అడగండి. స్పీకర్ 4 ఓమ్‌లదైతే, ఆంప్లిఫయర్ 4 ఓమ్‌లకు తగినదని తయారీదారు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి.

చిన్న క్లాస్-డి (పవర్‌ను తక్కువగా వృథా చేసే రకం) ఆంప్లిఫయర్లు నిజంగా మంచి బేరమే. అయితే వాటి అసలు సత్తా అడాప్టర్‌లో ఉంటుంది కనుక, పెట్టెపై 300 వాట్లని ఉన్నా అడాప్టర్ లేబుల్ తప్పక చదవండి. అక్కడ 24 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే, రెండు చానళ్లకూ కలిపి నిరంతరంగా 120 వాట్లు మించి రావడం అసాధ్యం.

చాలని ఆంప్లిఫయర్‌ను చివరిదాకా పెంచితే శబ్దం గరగరలాడుతుంది, ట్వీటర్లు (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు) కాలిపోవచ్చు. గరగర వినగానే వాల్యూమ్ తగ్గించండి.

అమెరికా నుంచి తెప్పించుకునే పాత ఆంప్లిఫయర్ 120 వోల్టులకే తయారైందేమో చూడండి. మన 230 వోల్టులకు నేరుగా కలపరాదు.

వైర్లు బిగించేముందు ప్లగ్ తీసేసి, ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య ఒక్క రాగిపోగు కూడా తగలకుండా మెలితిప్పండి.