అమెరికాలో ఈఎం (ఎమర్జెన్సీ మెడిసిన్) రెసిడెన్సీ: ర్యాంక్ లిస్ట్ పెట్టేముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో చాలా ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాన్ని ప్రైవేటు డాక్టర్ల గ్రూపులు కాంట్రాక్టు మీద నడుపుతాయి. మ్యాచ్ అయ్యాక (మీరూ, ప్రోగ్రాములూ ఇచ్చిన ర్యాంకులను బట్టి సీటు ఖరారయ్యాక) వెనక్కి తగ్గడం కష్టం కాబట్టి, ముందే ఇవి తేల్చుకోండి.

– ఆసుపత్రితో గ్రూపు కాంట్రాక్టు ఎప్పటితో ముగుస్తుంది? మొహమాటపడకుండా అడగండి. ఒహాయోలోని సమ్మా హెల్త్ అనే ఆసుపత్రుల సంస్థలో 2017 జనవరి 1న పాత గ్రూపు పోయి కొత్త గ్రూపు వచ్చింది. పాఠాలు చెప్పే డాక్టర్లు ఒక్కసారిగా మారిపోయారు. ఆ ఏడాదే ప్రోగ్రామ్‌కు ఏసీజీఎంఈ (రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు పోయింది, రెసిడెంట్లు వేరే చోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

– గ్రూపు యజమానులెవరు? అక్కడ పనిచేసే డాక్టర్లా, పెట్టుబడి సంస్థలా? పెట్టుబడి సంస్థల చేతిలో ఉన్న గ్రూపుల్లో 2023లో ఎన్‌విజన్ దివాలా రక్షణ కోరింది, అమెరికన్ ఫిజీషియన్ పార్ట్‌నర్స్ ఏకంగా మూతపడింది.

– మీ జీతం, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వేస్తే ఆదుకునే బీమా), టెయిల్ కవరేజ్ (అక్కడ మానేశాక పాత కేసులకు వర్తించే బీమా) ఎవరి ఖాతాలో? వీసా మీద వెళ్లే మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ప్రోగ్రామ్ మూతపడితే సగం టెన్షన్ వీసాదే.

– ఇప్పుడున్న రెసిడెంట్లను విడిగా, ఫ్యాకల్టీ లేనప్పుడు అడగండి: రాత్రి మూడింటికి ఇన్‌ట్యుబేషన్ (ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయడం) వస్తే చేసేది మీరా, పీఏనా (డాక్టర్ కాని ఫిజీషియన్ అసిస్టెంటా)? అటెండింగ్‌కు (పర్యవేక్షించే సీనియర్ డాక్టర్‌కు) పక్కన నిలబడి నేర్పే తీరిక ఉంటుందా, లేక గంటకు ఎంతమందిని చూశారన్న లెక్కే ముఖ్యమా? ఇంటర్వ్యూ రోజు పెట్టే భోజనం చూసి మురిసిపోకండి.

– ఏసీజీఎంఈ సైట్‌లో ప్రోగ్రామ్ పేరు పక్కన ‘వార్నింగ్’, ‘ప్రొబేషన్’ ఉన్నాయేమో చూడండి.

– నాన్-కంపీట్ షరతు (ఇక్కడ మానేశాక పోటీదారుల దగ్గర పనిచేయకూడదన్నది) మీద సంతకం పెట్టమంటే ఒప్పుకోవద్దు. రెసిడెంట్ల మీద అది పెట్టకూడదని ఏసీజీఎంఈ నిబంధనే ఉంది.